బస్తాకు తక్‌పట్టీ ఉంది, మార్జిన్‌కు లేదు: డెరివేటివ్స్ క్లియరింగ్ షరతులపై బహిరంగ లేఖ

సెబీ చైర్‌పర్సన్ గారికి,
కమోడిటీ క్లియరింగ్ కార్పొరేషన్ల మేనేజింగ్ డైరెక్టర్లకు,
క్లియరింగ్ సభ్యులుగా, ట్రేడింగ్ సభ్యులుగా నమోదైన సంస్థల బాధ్యులకు:

విషయం: క్లయింట్లపై విధించే అదనపు మార్జిన్లు (భద్రతగా కట్టించుకునే సొమ్ము), పూచీకత్తు కోతలు, పొజిషన్ల (తెరిచి ఉన్న ఒప్పందాల) మూసివేత షరతులను న్యాయంగా, పారదర్శకంగా ఉంచాలని అభ్యర్థన.

నమస్కారం.

నేను నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు కొనే చిన్న ఖరీదుదారుని. సీజన్‌లో రైతుల దగ్గర కొన్న కొమ్మును గోదాములో పెట్టుకుని, ధర పడితే మునిగిపోకుండా సరుకుల ఎక్స్చేంజీ ఎన్‌సీడీఈఎక్స్‌లో అంతే పరిమాణానికి ఫ్యూచర్స్ (ముందు తేదీకి ధరను ఇప్పుడే ఖాయం చేసే ఒప్పందాలు) అమ్ముతుంటాను. గత సీజన్‌లో నాకు ఎదురైన ఒక వ్యవహారం గురించి నా బ్రోకరు సంస్థకు మూడుసార్లు రాశాను. తర్వాత మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నడిపే ఫిర్యాదుల వెబ్‌సైట్ స్కోర్స్‌లో ఫిర్యాదు పెట్టాను. క్లయింటు సంతకం చేసిన నిబంధనల ప్రకారమే నడుచుకున్నామన్న ఒక్క వాక్యంతో అది ముగిసింది. పునఃసమీక్ష కోరితే అదే వాక్యం మళ్లీ వచ్చింది. అందుకే ఇప్పుడు బహిరంగంగా రాస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. మా యార్డులో ఫ్యూచర్స్ చేసే మరి నలుగురి ఒప్పంద పత్రాలు తెప్పించుకుని చదివాను. సంస్థలు వేరైనా, తమ విచక్షణ మేరకు ఎంతైనా మార్జిన్ అడగవచ్చన్న పేరా అన్నింటిలోనూ ఉంది కాబట్టి, ఇది ఒక సంస్థ తప్పు అనుకోవడం లేదు.

యార్డులో రైతు రెండు బస్తాలు అమ్మినా అడ్తిదారు (కమీషన్ ఏజెంటు) అతని చేతికి తక్‌పట్టీ ఇవ్వాలి. తూకం ఎంత, ధర ఎంత, హమాలీకి ఎంత పోయింది, మిగిలింది ఎంత అన్నది అందులో ఉంటుంది. ఎక్కడ తేడా వచ్చిందో రైతు వేలు పెట్టి చూపించగలడు. అదే యార్డుకు కూతవేటు దూరంలో కూర్చుని నేను ఏడు లక్షల రూపాయల విలువైన లాట్ అమ్మితే, కాంట్రాక్ట్ నోట్‌లో బ్రోకరేజీ, పన్నులు పైసాతో సహా కనిపిస్తాయి. ఆ లావాదేవీని నిలబెట్టే మార్జిన్‌ను ఎవరు, ఎందుకు, ఎంతకాలానికి అడుగుతున్నారో మాత్రం ఏ కాగితంలోనూ కనిపించదు. రోజు చివర వచ్చే మార్జిన్ స్టేట్‌మెంట్‌లో సభ్యుని తరఫున అదనపు మార్జిన్ అని ఒక గడి ఉంటుంది. అందులో అంకె ఉంటుంది కానీ కారణం ఉండదు. పైగా అది వచ్చేసరికి జరగవలసినది జరిగిపోయి ఉంటుంది.

ఈ మాట మార్కెట్ తెలియని పాఠకులకూ అర్థం కావాలి కాబట్టి ఏర్పాటును క్లుప్తంగా చెబుతాను. ఫ్యూచర్స్‌లో కొన్నవారికి, అమ్మినవారికి మధ్య క్లియరింగ్ కార్పొరేషన్ నిలబడుతుంది. ఒకరు చేతులెత్తేసినా రెండోవారికి డబ్బు చేరేలా అది పూచీ పడుతుంది, ఆ పూచీకి మార్జిన్ తీసుకుంటుంది. నాలాంటివాడు నేరుగా దాని దగ్గరికి వెళ్లలేడు. ట్రేడింగ్ సభ్యుడైన బ్రోకరు ద్వారా వెళ్లాలి. ఆ బ్రోకరుకు క్లియరింగ్ సభ్యత్వం లేకపోతే అతను మరొక క్లియరింగ్ సభ్యుని ద్వారా వెళతాడు. అంటే నా డబ్బుకూ పూచీకీ మధ్య ఒక మెట్టు, ఒక్కోసారి రెండు మెట్లు ఉంటాయి. క్లియరింగ్ కార్పొరేషన్ అడిగే ప్రారంభ మార్జిన్, తీవ్ర నష్ట మార్జిన్, ధర ఎగిసిపడినప్పుడు వేసే అదనపు, ప్రత్యేక మార్జిన్లు, గడువు దగ్గర పడినప్పుడు పెంచే మార్జిన్, ఇవన్నీ సర్క్యులర్లలో బహిరంగంగా ఉంటాయి. వాటితో నాకు పేచీ లేదు. కానీ అవి కనీస మొత్తాలు మాత్రమే. ఆ పైన మధ్యలోని మెట్లు తమ విచక్షణ మేరకు ఎంతైనా కలపవచ్చు, ఎప్పుడైనా కలపవచ్చు. ఈ లేఖ అంతా ఆ ‘విచక్షణ’ అనే ఒక్క మాట గురించే.

జరిగినది ఇది. పసుపు లాట్ 5 టన్నులు, అంటే 50 క్వింటాళ్లు. గోదాములో ఉన్న 10 టన్నులకు రక్షణగా క్వింటాలు 14,000 రూపాయల దగ్గర రెండు లాట్లు అమ్మాను. మొత్తం విలువ 14 లక్షలు. ధర పెరుగుతున్న ఒక రోజు ఉదయం 11.20కి నా ఫోనుకు సందేశం వచ్చింది: ఈ పొజిషన్‌పై సంస్థ 10 శాతం అదనపు మార్జిన్ విధించింది, మధ్యాహ్నం 12.30లోగా చెల్లించాలి. ఆ రోజు క్లియరింగ్ కార్పొరేషన్ కొత్తగా ఏ మార్జిన్ పెంచలేదు, పాత మార్జిన్‌లో నాకు బకాయి లేదు. అదనంగా అడిగినది లక్షా నలభై వేలు. సీజన్‌లో ఖరీదుదారు చేతిలో నగదు ఎంత ఉంటుందో యార్డులో ఎవరినడిగినా చెబుతారు. డబ్బు సరుకులో ఉంటుంది. బ్యాంకుకు పరుగెత్తి పంపిన డబ్బు 1.20కి వారి ఖాతాలో పడింది. 1.05కే ఒక లాట్‌ను 14,400 దగ్గర మూసేశారు. ఆ లాట్‌పై 20,000 రూపాయలు పోయాయి.

మూడు వారాల్లో ధర 12,900కు దిగింది. నిలబడి ఉంటే ఆ లాట్ 55,000 రూపాయలు తెచ్చి, గోదాములో సరుకు విలువ తగ్గిన మేరకు సరిపెట్టేది. అలా 75,000 రూపాయల తేడా నా మీద పడింది. ధర నాకు వ్యతిరేకంగా వెళ్లినందుకు నేను ఫిర్యాదు చేయడం లేదు. ధరతో నాకు సంబంధం లేకుండా చేసుకోవడానికే కదా లాట్ అమ్మింది. డెబ్బై నిమిషాల గడువు ఏ నిబంధనలో ఉందని, 10 శాతం ఎలా లెక్కవేశారని, అదే రోజు అదే కాంట్రాక్ట్‌లో మిగతా క్లయింట్లందరికీ ఇదే వేశారా అని మూడు ప్రశ్నలు అడిగాను. జవాబుగా విచక్షణ ఉన్న పేరాను ఫొటో తీసి పంపారు.

బ్రోకరు వైపు కష్టం నాకు తెలియనిది కాదు. నేను కట్టకపోతే నా తరఫున అతను క్లియరింగ్ కార్పొరేషన్‌కు కట్టాలి. 2020 ఏప్రిల్ 20న ఏం జరిగిందో ఈ రంగంలో ఉన్నవారెవరూ మరచిపోలేదు. లాక్‌డౌన్ కారణంగా మరో సరుకుల ఎక్స్చేంజీ ఎంసీఎక్స్‌లో ట్రేడింగ్ సాయంత్రం 5 గంటలకే ముగిసింది. అప్పటికి ముడిచమురు బ్యారెల్ 965 రూపాయల దరిదాపుల్లో ఉంది. ఆ రాత్రి న్యూయార్క్‌లో ధర సున్నా కిందికి జారి మైనస్ 37.63 డాలర్ల దగ్గర ఆగింది. ఇక్కడి తుది సెటిల్‌మెంట్ ధర మైనస్ 2,884 రూపాయలుగా తేలింది. 100 బ్యారెళ్ల లాట్ ఒక్కటి కొని ఉంచుకున్నవారికి కూడా ముగింపు ధర నుంచి చూస్తే 3 లక్షల 80 వేల రూపాయలకు పైగా నష్టం. క్లయింట్ల నుంచి రాకముందే బ్రోకర్లు ఆ డబ్బు కట్టవలసి వచ్చింది. అలాంటి రోజు కోసం బ్రోకరు జాగ్రత్తపడటాన్ని నేను తప్పుపట్టను. ఆ జాగ్రత్తకు లెక్క ఉండాలని, ఆ లెక్క ముందే నాకు తెలియాలని మాత్రమే అడుగుతున్నాను.

సెబీ ఈ దిశలో ఏమీ చేయలేదనడం అన్యాయం. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన కార్వీ స్టాక్ బ్రోకింగ్‌పై 2019 నవంబర్ 22న వచ్చిన మధ్యంతర ఉత్తర్వు తర్వాత, క్లయింట్ల షేర్లను బ్రోకరు తన సొంతానికి తాకట్టు పెట్టడమంటే ఏమిటో తెలుగునాట మధ్యతరగతి ఇళ్లన్నింటికీ తెలిసింది. 2020 సెప్టెంబర్ నుంచి షేర్లు క్లయింటు డీమ్యాట్ ఖాతాలోనే ఉంటూ మార్జిన్ కోసం తాకట్టు పడే పద్ధతి వచ్చింది. 2022 మే 2 నుంచి పూచీకత్తును క్లయింట్ల వారీగా వేరుచేసి చూపడం, ఎవరి పూచీకత్తు ఎంత ఉందో వారే క్లియరింగ్ కార్పొరేషన్ వెబ్‌సైట్‌లో చూసుకోవడం సాధ్యమైంది. 2023లో క్లయింట్ల డబ్బుతో బ్యాంకు గ్యారంటీలు తీసుకోవడాన్ని ఆపారు, ఆ డబ్బును క్లియరింగ్ కార్పొరేషన్ దాకా చేర్చాలన్నారు. ఇవన్నీ నా సొమ్ము మాయం కాకుండా కాపాడతాయి. ఏ షరతుల మీద దాన్ని పట్టి ఉంచుతున్నారన్న ప్రశ్న జోలికి మాత్రం అవి వెళ్లలేదు.

ఆ ప్రశ్నకు దగ్గరగా వచ్చినది 2024 జూలై 1 నాటి సర్క్యులర్. ఎక్స్చేంజీలు, క్లియరింగ్ కార్పొరేషన్లు వేసే రుసుము పేరుతో క్లయింటు నుంచి ఎంత తీసుకుంటే అంతే ఆ సంస్థకు చేరాలని, పెద్ద సభ్యుడికొక రేటు, చిన్న సభ్యుడికొక రేటు ఉండరాదని అందులో ఉంది. 2024 అక్టోబర్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. లావాదేవీ విలువలో చాలా చిన్న భాగమైన రుసుముకు ఇంత నిక్కచ్చి సూత్రం పెట్టిన సెబీ, విలువలో పదో వంతును గంటలో అడగగల మార్జిన్‌ను విచక్షణకు వదిలేయడం నాకు అర్థం కాలేదు.

ఐరోపా సమాఖ్య ఈ పని చేసింది. క్లియరింగ్ సేవలందించే సభ్యులు తమ వాణిజ్య షరతులను న్యాయంగా, సహేతుకంగా, వివక్ష లేకుండా, పారదర్శకంగా ఉంచాలని 2019లో సవరించిన అక్కడి చట్టం చెబుతుంది. ఆ నియమం 2021 జూన్ 18 నుంచి వర్తిస్తోంది, దాని వివరాలను అదే ఏడాది మరొక నియమావళిలో పొందుపరిచారు. అది ఎక్స్చేంజీ వెలుపల కుదిరే డెరివేటివ్స్‌కు సంబంధించినదని, ఏ క్లయింటునైనా తీసుకుని తీరాలని ఎవరినీ బలవంతపెట్టదని నాకు తెలుసు. దాన్ని తెచ్చి యథాతథంగా ఇక్కడ అతికించమనడం లేదు. ప్రపంచ కేంద్ర బ్యాంకుల, మార్కెట్ నియంత్రణ సంస్థల ఉమ్మడి కమిటీలు 2012 ఏప్రిల్‌లో ప్రకటించిన 24 సూత్రాలలో మెట్ల అంచె ద్వారా వచ్చే పరోక్ష భాగస్వాముల గురించి ఒక సూత్రం, నిబంధనల వెల్లడి గురించి మరొక సూత్రం ఉన్నాయి. కాబట్టి నేను అడిగేది మన వ్యవస్థకు కొత్తదేమీ కాదు.

ఈ నేపథ్యంలో నా కోరికలు ఇవి.

1. క్లియరింగ్ కార్పొరేషన్ అడిగినదానికి పైన సభ్యుడు వేసే ప్రతి అదనపు మార్జిన్‌కు విధానాన్ని ముందుగా రాసి, తన వెబ్‌సైట్‌లో తేదీతో ప్రకటించాలి. ఏ పరిస్థితిలో, గరిష్ఠంగా ఎంత శాతం, ఎన్ని రోజులు అన్నది అందులో ఉండాలి. ఒకే కాంట్రాక్ట్‌లో ఒకే రకమైన నష్ట భయం ఉన్న ఇద్దరు క్లయింట్లకు రెండు రకాల మార్జిన్ వేస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇది లేకపోవడం వల్ల చెల్లించే ధర ఎవరిదో ఆలోచించండి. మార్జిన్ ఎంతకు పెరుగుతుందో తెలియని ఖరీదుదారు రెండు పనుల్లో ఒకటి చేస్తాడు. ఫ్యూచర్స్ మానేసి, ధర పడే భయాన్ని ముందే లెక్కలో వేసుకుని వేలంలో తక్కువ పాడతాడు. లేదా రసీదు, పూచీ ఏదీ లేని డబ్బా వ్యాపారంలోకి దిగుతాడు. మొదటి దారిలో ఆర్మూరు, బాల్కొండ రైతుకు క్వింటాలుకు రావలసిన ధర తగ్గుతుంది. రెండో దారిలో ఏదో ఒక రోజు ఎవరో ఒకరు పారిపోతారు. మా ఊళ్లో రెండూ చూశాం.

2. మార్జిన్ కోరే సందేశానికీ, పొజిషన్ మూసివేతకూ మధ్య కనీస గడువు నిర్ణయించాలి. క్లియరింగ్ కార్పొరేషన్ మార్జిన్‌లో నిజంగా లోటు ఉన్నప్పుడు గడువు తక్కువైనా నేను అంగీకరిస్తాను. సభ్యుడు సొంతంగా వేసిన అదనపు మార్జిన్ విషయంలో మాత్రం క్లయింటు మరుసటి ట్రేడింగ్ రోజు దాకా నిలబడగలగాలి. బ్యాంకు నుంచి డబ్బు బయలుదేరినట్టు చూపగలిగిన క్లయింటు పొజిషన్‌ను ఆ డబ్బు దారిలో ఉండగా మూయరాదు. ఆంగ్లంలో వచ్చే ఒక పొట్టి సందేశం చాలదు. ఖాతా తెరిచేటప్పుడు క్లయింటు కోరిన భాషలో, లోటు ఎంత, అందులో క్లియరింగ్ కార్పొరేషన్‌ది ఎంత, సభ్యునిది ఎంత అని రెండు అంకెలు విడివిడిగా ఉండాలి. రైతు ఉత్పత్తిదారుల సంస్థల్లో ఈ సందేశాలు చదివేది చాలాసార్లు ఇంటర్ చదివిన గుమస్తా ఒక్కడే.

3. సరుకును గుర్తింపు పొందిన గోదాములో జమచేసి, ఎలక్ట్రానిక్ గోదాము రసీదును గడువుకు ముందే క్లియరింగ్ కార్పొరేషన్‌కు అప్పగించిన అమ్మకందారుకు ప్రారంభ మార్జిన్ వంటి వాటి నుంచి మినహాయింపు ఇచ్చే ఏర్పాటు ఉంది. రోజువారీ ధర తేడా మాత్రం కట్టాలి. చిన్న వ్యాపారికి, రైతు సంఘానికి ఇంతకంటే పనికొచ్చే సదుపాయం ఈ మార్కెట్‌లో లేదు. నాకు దాని గురించి చెప్పింది బ్రోకరు కాదు, గోదాము మేనేజరు. క్లయింటుకు ఈ సంగతి తెలియజేయడం సభ్యుని బాధ్యతగా రాయాలి. అలా సరుకు అప్పగించిన లాట్ మీద సభ్యుడు తన అదనపు మార్జిన్‌ను వేయరాదు.

4. పూచీకత్తుగా ఇచ్చిన షేర్లు, మ్యూచువల్ ఫండ్ యూనిట్లు, డిపాజిట్ల విలువలో క్లియరింగ్ కార్పొరేషన్ ఎంత కోత వేస్తుందో, దానిపైన సభ్యుడు ఎంత వేస్తున్నాడో పక్కపక్కన చూపాలి.

5. క్లయింట్ల నగదును సభ్యుడు క్లియరింగ్ కార్పొరేషన్ పేరిట హక్కు రాసిన ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా పెట్టవచ్చు, ఓవర్‌నైట్ ఫండ్ యూనిట్లుగా కూడా ఇవ్వవచ్చు. దాని మీద రాబడి ఎవరికి చేరుతోందో క్లయింటుకు చెప్పాలి. నా నగదు నెలల తరబడి పూచీకత్తుగా ఉంది, వడ్డీ ఒక్క రూపాయి రాలేదు. ఆ ఒక్క మధ్యాహ్నపు లోటుకు మాత్రం ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ పడింది. రాబడిని పంచమని శాసించమనడం లేదు. ఇవ్వని సంస్థ ఇవ్వనని ముందే రాస్తే చాలు, ఇచ్చేచోటికి క్లయింటు తానే వెళతాడు.

6. అలా వెళ్లడానికి దారి ఉండాలి. సభ్యుడు దివాలా తీసినప్పుడు పొజిషన్లను మరొకరికి బదిలీ చేసే ఏర్పాటు గురించి వ్యవస్థ ఆలోచించింది. ఏ దివాలా లేకుండా, కేవలం షరతులు నచ్చక మారాలనుకునే క్లయింటు తన పొజిషన్‌ను, పూచీకత్తును కలిపి తీసుకెళ్లే సులభమైన మార్గం నాకెవరూ చూపలేదు. ఉన్న లాట్ మూసి, ధరలో తేడా భరించి, కొత్తచోట మళ్లీ తెరవమన్నారు. ఒకే క్లయింటు, ఒకే పాన్ నంబరు, ఒకే క్లియరింగ్ కార్పొరేషన్ అయినప్పుడు ఇన్ని పని దినాల్లో బదిలీ పూర్తికావాలన్న గడువును నిర్ణయించాలి. కదలలేని క్లయింటుకు షరతులు ఎంత వివరంగా ప్రకటించినా ప్రయోజనం సగమే.

7. ఫిర్యాదును పరిష్కరించేటప్పుడు, క్లయింటు సంతకం చేశాడన్న జవాబును తుది జవాబుగా ఒప్పుకోరాదు. ఖాతా తెరిచే రోజు పెట్టించే సంతకాల్లో విచక్షణ పేరాను కొట్టివేసి ఖాతా తెరవగలిగిన క్లయింటు ఈ దేశంలో ఎక్కడైనా ఉన్నాడా? అడిగిన మార్జిన్‌కు లెక్క, ఆ రోజు మిగతా క్లయింట్లకు వేసిన శాతం, సందేశం పంపిన సమయం, డబ్బు చేరిన సమయం, మూసివేసిన సమయం, ఈ ఐదింటినీ సభ్యుడు సమర్పించాకే ఫిర్యాదును ముగించాలి. అవి సభ్యుని కంప్యూటర్లలో ఇప్పటికే ఉంటాయి, కొత్తగా తయారుచేయవలసినవి కావు.

ఇవి అమలైతే ఖర్చు పెరిగి చిన్న క్లయింట్లను సంస్థలు వదిలేస్తాయన్న అభ్యంతరం రావచ్చు. కొన్ని వదిలేయవచ్చు కూడా. ఎప్పుడు ఎంత అడుగుతుందో తెలియని సంస్థ దగ్గర ఉండటం కన్నా, నన్ను వద్దని ముందే చెప్పిన సంస్థను దాటి వెళ్లడం నాకు చవక. సీజన్ మధ్యలో కాకుండా సీజన్‌కు ముందే ఆ మాట తెలిస్తే, అమ్మాలా వద్దా, గోదాములో ఎంత ఉంచాలి, రైతుకు ఎంత ధర పాడగలను అన్నది నేను నిర్ణయించుకోగలను.

2025 జనవరి 14న మా ఊరు కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. ఎగుమతుల గురించి, నాణ్యత గురించి సమావేశాలు జరుగుతున్నాయి, సంతోషం. ధర భయం నుంచి పంటను కాపాడే పని కూడా దాని దృష్టికి రావాలన్న ఉద్దేశంతో ఈ లేఖ ప్రతిని బోర్డు కార్యాలయానికి కూడా పంపుతున్నాను.

కొత్త పసుపు జనవరి చివరి నుంచి యార్డుకు రావడం మొదలవుతుంది. ఆలోగా పై ఏడు అంశాల్లో దేనికి అంగీకారమో, దేనికి కాదో, కాకపోతే కారణమేమిటో రాతపూర్వకంగా, వీలైతే తెలుగులో, తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. నా ఫిర్యాదు సంఖ్య, సందేశాల ప్రతులు, బ్యాంకు రసీదు ఇప్పటికే మీ కార్యాలయంలో ఉన్నాయి.

ఇట్లు,
నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చెందిన ఒక పసుపు ఖరీదుదారు